మంచునీళ్ల సీసా

ఫిబ్రవరి ఇరవై నాలుగు.
ఓల్తెత్ ఏటి మీద మంచు
పగిలీ పగలనట్టుంది.
తెల్లారకముందే సఫ్తా అవ్వ
నా దుప్పటి లాగి పారేసింది.
"లే పిల్లా, ఇవాళ పిట్టల పెళ్లి.
జోడు దొరకని పిట్ట
ఏడాదంతా ఒంటరిగా కూయాల్సిందే."

చేతికొక గాజుసీసా ఇచ్చింది.
ఒకప్పుడు అందులో ప్లమ్ సారా ఉండేది,
మూతి దగ్గర ఆ వాసన ఇంకా పోలేదు.
కంచె మీదా కొమ్మల మీదా
ఎవరి అడుగూ పడనిచోట మిగిలిన మంచును
గోళ్లతో గీకి నింపమంది.
ఆ నీళ్లతో మొహం కడిగితే
ముసలితనం దారి తప్పుతుందట.
ఎనభై మూడేళ్ల మొహం పెట్టుకుని
ఆ మాట చెప్పడానికి ఆవిడకేం సిగ్గులేదు.

ఇవాళ సూది పట్టకూడదు,
మగ్గం ముట్టకూడదు.
ఖాళీ చేతులకు కథే పని.

"ద్రాగొబెతె ఎవరవ్వా?"
"దోకియా కొడుకు."

దోకియా అంటే
కొండెక్కిన చలికాలం.
తొమ్మిది గొర్రెతోళ్లు కప్పుకుని
మేకల్ని తోలుకుపోయింది.
ఎండ నవ్విందని నమ్మి
ఒక్కో తోలూ విసిరేసి,
ఆఖరిది విసిరిన రాత్రి
మేకలతో సహా రాయైపోయింది.
కొడుక్కి తల్లి పోలిక రాలేదు.
వాడు నడిచినచోట
మంచును పొడుచుకుని తెల్లపూలు
తల వంచుకునే లేచేవి.

చర్చి గురువు దమియాన్ ఒప్పుకోడు,
ఆ పేరుతో పునీతుడెవరూ లేడంటాడు.
బడిపంతులు నికనోర్
పేరుకు మూలం మూడు భాషల్లో వెతికి
నాలుగోది రాక ఆగిపోయాడు.
మిల్లు దగ్గరి ఆడవాళ్లేమో
వాడి ఆగడాలకు దేవమాత విసిగి
అడవి నీడలో నాలుకాకు మొక్కను చేసిందని,
ఆ ఆకు తలగడ కింద పెట్టుకుంటే
కలలో ఎవరో వస్తారని.

అవ్వ అందరి మాటా విని
పొద్దుతిరుగుడు గింజ పొట్టు ఉమ్మేసింది.
"వాళ్లెవరూ ఆ కొండ మీంచి
పరిగెత్తలేదు."

మధ్యాహ్నం పూలబుట్టలతో
ఆడపిల్లలు కొండ దిగి పరిగెత్తుతారు.
నచ్చిన పిల్ల వెంట కుర్రాడు.
అందితే, ఆమెకూ ఇష్టమైతే,
ఊరందరి ముందూ ఒక ముద్దు.

"మొదటి ఏడు వాడే పరిగెత్తాడు.
గాలిలాంటివాడు, ఎవరినైనా పట్టుకోగలడు.
పట్టుకుంటే పండగౌతుందా?
అది వేట.
ఒక పిల్ల, పేరు ఎవరికీ గుర్తులేదు,
ఏటిగట్టున ఆగి వెనక్కి తిరిగింది.
వాడికి ఏం చెయ్యాలో తోచలేదు.
అదీ, అక్కడ పుట్టింది పండగ."

"నీకెలా తెలుసు?"

పొయ్యిలో కట్టె చిటపటమంది.
అవ్వ చాలాసేపు
ఏమీ మాట్లాడలేదు.

"మీ తాత పర్వుకి
కుడికాలు అంగుళం పొట్టి.
చిన్నప్పుడు బండిచక్రం ఎక్కిందిలే.
నేను ఊళ్లో అందరికన్నా జోరు.
అక్రోటు చెట్టు దాటగానే
నా చెప్పు తాడు ఊడింది."

"ఊడిందా?"

"విప్పాను."

"తాతకి తెలుసా?"

"నలభై ఆరేళ్లు
నన్ను గెలిచానని చెప్పుకు తిరిగాడు.
సారా తాగినప్పుడల్లా
కొండ ఎత్తు పెంచేవాడు.
నేనెందుకు కాదంటాను?
ముద్దు పెట్టేటప్పుడే అతని కాలు తొక్కాను,
బాగున్న కాలే.
ఇవాళ ఎవరు కాలు తొక్కితే
ఇంట్లో పెత్తనం వాళ్లది."

సీసాలో మంచు కరిగి
సగానికి దిగింది.
దోసిట్లో పోసుకుని మొహానికి కొట్టుకుంటే
పళ్లు జిల్లుమన్నాయి.
అవ్వ మిగిలిన గుక్కెడూ
తన బుగ్గలకు రాసుకుని
"అబ్బ, ఇదేం మారదు" అంది,
నీళ్లనో, మరి దేన్నో.

కొండ దిగువన
కమ్మరి మనవడు ఓనూ నిలబడ్డాడు,
ఆయాసం రోగం ఉన్నవాడు,
ముక్కుకు మఫ్లరు చుట్టుకుని.

బూటు లేసులకు రెండేసి ముళ్లు వేశాను.
గుమ్మం దాటాక
ఒకటి విప్పాను.